రాయగడ లారీ నెలకి నాలుగు వేల కిలోమీటర్లే ఎందుకు తిరుగుతోంది?

తమ్ముడూ, మీరు అడిగింది ఇదీ: ఒడిశాలోని రాయగడలో మీకు పది చక్రాల లారీ ఒకటి ఉంది. నెలకి నాలుగు వేల కిలోమీటర్లు దాటడం లేదు. విజయవాడలో మీ బావగారిదీ అదే మోడలు, అదే ఏడాది కొన్నదే, తొమ్మిది వేలు తిరుగుతోంది. డ్రైవర్ని మార్చాలా, లేక బండి అమ్మేసి పన్నెండు చక్రాలది తీసుకోవాలా?

రెండూ వద్దంటాను. డ్రైవర్ని మారిస్తే వచ్చే కొత్తవాడూ నాలుగు వేలే తిప్పుతాడు. ఈ జిల్లాలో ఇరవై ఆరేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. మొదటి ఆరేళ్ళు స్టీరింగు పట్టుకున్నాను, తర్వాత ఓనర్ని అయ్యాను, ఇప్పుడు మూడు బళ్ళున్నాయి. నా మొదటి డ్రైవర్ని ఇదే అనుమానంతో మానిపించి, ఆర్నెల్లు తిరక్కుండా వాళ్ళింటికి వెళ్ళి మళ్ళీ పిలుచుకొచ్చాను. అంచేత చెబుతున్నాను.

ముందు మీ ట్రిప్పు కాగితం మీద వేసి చూద్దాం. రాయగడ నుంచి విజయవాడ సుమారు 550 కిలోమీటర్లు అనుకోండి. ఇక్కడ గేటు బయట లైను, లోపల కాటా, లోడింగు, టార్పాలిన్ కట్టుకోవడం, గేట్ పాస్, అన్నీ కలిపి రెండు రోజులు. దారిలో రెండు రోజులు. అక్కడ గోడౌన్‌లో దింపడానికి ఒక రోజు. రిటర్న్ లోడు కోసం బ్రోకరాఫీసు ముందు రెండు రోజులు. వెనక్కి రావడానికి రెండు రోజులు, ఇక్కడ దింపడానికి ఒకటి. మొత్తం పది రోజులకి 1,100 కిలోమీటర్లు. నెలకి మూడు ట్రిప్పులు, అంటే 3,300. ఓ నెల అన్నీ కలిసొస్తే మీ నాలుగు వేలు.

ఇప్పుడు మీ డ్రైవరు సరాసరి గంటకి 35 కిలోమీటర్లు కాకుండా 40 లాగాడనుకోండి. 1,100 కిలోమీటర్లకి ముప్పై ఒక్క గంటలు పట్టేది ఇరవై ఏడున్నర పడుతుంది. మిగిలింది నాలుగు గంటల లోపే. ఆ నాలుగు గంటల కోసం ఘాటీలో, అంటే కొండ దారిలో, బ్రేకులు కాల్చుకోవాలి, టైర్లు అరగదీసుకోవాలి. గేటు దగ్గర పోయేవి మాత్రం నలభై ఎనిమిది గంటలు. ఎటు చూడాలో మీకే తెలుస్తుంది.

ఒకసారి నాకు ఒళ్ళు మండి, మూడు నెలల పాటు ఒక బండికి రోజువారీ పుస్తకం రాయించాను. తొంభై రోజుల్లో లోడుతో నడిచినవి 24, ఖాళీగా నడిచినవి 9. ఎక్కించడానికీ దింపడానికీ కాచుకున్నవి 31. రిటర్న్ లోడు కోసం పడి ఉన్నవి 14. రిపేరు 7, పండగలూ డ్రైవరు సెలవులూ 5. తొంభైలో ఇరవై నాలుగు రోజుల సంపాదన మీద మొత్తం కిస్తీ, ఇన్సూరెన్సు, పర్మిట్, జీతం, బత్తా లాగుతున్నాను. అప్పటిదాకా నాకూ తెలీదు.

మరి విజయవాడలో ఎందుకలా ఉండదు? అక్కడ రెండు జాతీయ రహదారులు కలుస్తాయి, ఆటోనగర్ ఉంది. సిమెంటు, ఎరువులు, బియ్యం, మిర్చి, ఐరన్, పండ్లు, పార్సిళ్ళు, ఏదో ఒకటి ఏ నెలలోనైనా ఎటో ఒకవైపు కదులుతూనే ఉంటుంది. సరుకు పంపేవాళ్ళు వందల మంది. ఒక గోడౌన్ దగ్గర ఆలస్యమైతే ఇంకోదానికి పోవచ్చు, గోడౌన్ వాడికీ ఆ సంగతి తెలుసు. మన దగ్గర సరుకు పుట్టే గేట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. జేకేపూర్‌లో పేపరు మిల్లు, తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్, ఆపైన రైస్ మిల్లులు, పత్తి జిన్నింగ్ మిల్లులు. గేటు తక్కువై లారీలు ఎక్కువైన చోట కాచుకోవడం లారీ వాడి వంతు. కాచుకున్నందుకు వాళ్ళ జేబులోంచి పైసా పోనప్పుడు గేటు ఎందుకు తొందరపడుతుంది? కాచుకున్న రోజులకి ఇచ్చే హాల్టింగ్ డబ్బులు రాసుకోవడానికి ఎల్.ఆర్. (లారీ రసీదు) మీద చోటుంటుంది. నా జీవితంలో పూర్తిగా అందుకున్నది రెండుసార్లు.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. ‘మన చుట్టూ ఇన్ని పెద్ద ఫ్యాక్టరీలుంటే లోడ్లకేం కొదవ’ అంటారు. కొరాపుట్ జిల్లాలో అల్యూమినా ఫ్యాక్టరీ ఉన్న దమన్‌జోడి చూడండి. పంచపట్మలి కొండ మీంచి బాక్సైటు కిందికి రావడానికి 14.6 కిలోమీటర్ల కన్వేయర్ బెల్టు ఉంది. ఒక్క టిప్పరు కూడా ఆ దారిన తిరగక్కర్లేదు. అల్యూమినా విశాఖకి రైల్లో పోతుంది. బైలాదిలా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన కొత్తవలస-కిరందూల్ లైను కూడా మన కొరాపుట్ మీదుగానే కదా, మన కళ్ళ ముందే వ్యాగన్లు దిగిపోతుంటాయి. జిల్లా లెక్కల్లో ఉత్పత్తి పెరిగినట్టు కనిపిస్తుంది గాని, ఆ పెరిగినదంతా బెల్టు మీదో పట్టాల మీదో పోతుంది. ఫ్యాక్టరీ కాంటీను సామాను, రిపేరు సామాను, కాస్టిక్ ట్యాంకర్లు, ఇలాంటి పక్క సరుకే రోడ్డెక్కుతుంది. అది కూడా కొంత అనుభవం, అందుకు తగిన రకం బండి ఉన్నవాళ్ళకే.

దీన్ని నేను డబ్బు కట్టి నేర్చుకున్నాను. ఒక పెద్ద కర్మాగారం కడుతున్న రోజులవి. కంకర, ఇసుక, సిమెంటు, ఇనుము, పగలూ రాత్రీ లోడే. నెలలో ఇరవై ఆరు రోజులు బండి కదిలేది. ఊళ్ళో బంగారం కుదువపెట్టి మరీ లారీలు కొన్నారు, నేనూ ఫైనాన్స్‌లో రెండోది దింపాను. కట్టడం అయిపోయింది, పొగ గొట్టం పొగ మొదలైంది, మా పని ఆగిపోయింది. కిస్తీలు మాత్రం ఇంకా ముప్పై ఒకటి మిగిలున్నాయి. ఆ ఏడాది మజ్జిగౌరమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టడానికి వచ్చిన లారీల కంటే, ఫైనాన్స్ వాళ్ళు లాక్కుపోయిన లారీలే ఎక్కువనిపించింది. కట్టేటప్పటి గిరాకీ వేరు, నడిచేటప్పటి గిరాకీ వేరు. కొత్త ప్రాజెక్టు వస్తోందని ఎవరైనా చెబితే నేను అడిగేది ఒకటే: పూర్తయ్యాక దాని సరుకు ఎలా పోతుంది?

పన్నెండు చక్రాల బండి సంగతికీ దీనికీ చుట్టరికం ఉంది. 2018 జులైలో కేంద్రం ఇరుసు బరువు పరిమితి పెంచింది. మన పది చక్రాల బండికి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 అయింది. ఆ రోజు ఆఫీసులో స్వీట్లు పంచాం. మూణ్ణెల్లు తిరిగేసరికి టన్ను కిరాయి తగ్గింది. ఎందుకంటే ఇలాంటి ప్రతి బండీ ఒక్కసారిగా మూడున్నర టన్నులు పెద్దదయింది గాని, మిల్లు పేపరు అంతే, రైతు పత్తి అంతే. అంతే సరుకుని తక్కువ ట్రిప్పుల్లో మోస్తే మిగిలిన ట్రిప్పుల బళ్ళు ఖాళీగా నిలబడతాయి. దేశం మొత్తం మీద కూడా అదే. వ్యాపార వాహనాల అమ్మకాలు 2018-19లో పది లక్షలు దాటాయి, మరుసటి ఏడాది ఏడు లక్షల చిల్లరకి పడిపోయాయి. అటు వ్యాపారమూ మందగించింది, ఇటు ఉన్న బళ్ళకే పనిలేదు, కొత్తవి ఎవరు కొంటారు? కాబట్టి బండి పెద్దదయితే పని పెరుగుతుందనుకోకండి. పైగా గుణుపురం వైపు పల్లెల్లో పత్తి ఎత్తాలంటే చిన్న బండే నయం. పత్తి బరువుకి ముందు బండి ఎత్తు నిండిపోతుంది, మీరు కొన్న టన్నులు గాలికి పోతాయి. నవరంగపూర్ మొక్కజొన్న అయితే పెద్ద బండికి సరిపోతుంది, కాని అది కొన్ని నెలల మాటే.

ఇక రిటర్న్ లోడు. అసలు కిటుకు ఇక్కడుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

మన జిల్లాలోంచి బయటికి పోయే సరుకు ఎక్కువ, లోపలికొచ్చేది తక్కువ. జనం కొనేది తక్కువ గనక. సిమెంటు, కడ్డీలు, ఎరువులు, కిరాణా, గుడ్లు, చేపలు, అంతే. విజయవాడలో బ్రోకరుని ‘రాయగడకి లోడుందా’ అని అడిగితే వాడు నవ్వడు గాని నవ్వినట్టే చూస్తాడు. విశాఖకో బరంపురానికో అయితే పూటలో దొరుకుతుంది. అందుకే మనకి పోయేటప్పటి కిరాయిలోనే ఖాళీగా వచ్చే ఖర్చు సగం దాగి ఉంటుంది. కిలోమీటరు కిరాయి చూసి రాయగడ రేటు బాగుందనే బయటివాళ్ళకి ఈ ముక్క తెలీదు.

ఒక లెక్క వేద్దాం. మీ బండికి నెల స్థిర ఖర్చు తొంభై వేలనుకోండి, అంటే కదిలినా కదలకపోయినా రోజుకి మూడు వేలు. ఖాళీగా 550 కిలోమీటర్లు రావడానికి లీటరుకి 5 చొప్పున 110 లీటర్లు. లోడుతో అయితే లీటరుకి 4, అంటే 137 లీటర్లు. తేడా 27 లీటర్లు, ఉజ్జాయింపుగా రెండు వేల ఆరు వందలు. రిటర్న్ కిరాయి పద్దెనిమిది వేలు వస్తుందనుకుందాం. డీజిల్ తేడా పోను, కమీషను, మామూళ్ళు, హమాలీ కింద పదిహేను వందలు పోను, దాదాపు పద్నాలుగు వేలు. రెండు రోజులు కాచుకుంటే ఆరు వేలు పోయింది, దింపడానికి ఇంకో రోజు మూడు వేలు. ఐదు వేలు మిగిలాయి. నాలుగు రోజులు కాచుకుంటే చేతి నుంచి వెయ్యి ఎదురు పడింది. దానికంటే ఖాళీగా వచ్చేయడమే నయం.

ఇదంతా ఆ మిగిలిన రోజుకి ఇక్కడ పని ఉంటేనే. నవంబరు నుంచి మార్చి దాకా మండీల్లో వడ్లు ఎత్తుతుంటారు, పత్తి దిగుతుంటుంది, మొక్కజొన్న కదులుతుంటుంది, పేపరు మిల్లుకి కర్ర వస్తుంటుంది. అప్పుడు రాయగడలో ఒక రోజు విలువ మూడు వేలు కాదు, ఐదారు వేలు. ఆ నెలల్లో విజయవాడలో ఒక రాత్రికి మించి ఆగకండి, దొరికితే సరే, లేకపోతే ఖాళీగా లాక్కొచ్చేయమనండి. అదే జులై, ఆగస్టుల్లో వానలకి కర్ర ఆగుతుంది, ఘాటీలో రాళ్ళు పడతాయి, మండీలు మూత. ఇక్కడికి పరుగెత్తుకొచ్చినా యూనియను ఆఫీసు ముందు చెట్టు కిందే. అప్పుడు రోజు విలువ సున్నా. నాలుగు రోజులు కాదు, ఆరు రోజులైనా అక్కడే కాచుకుని రిటర్న్ లోడు పట్టుకోవడమే మేలు. ఒకే బండి, ఒకే డ్రైవరు, ఒకే దారి. నెలని బట్టి తీర్పు తలకిందులవుతుంది. మనలో చాలామంది ఏడాదంతా ఒకే పద్ధతి పాటిస్తాం, అదే నష్టం.

సీరియల్, అంటే లోడ్లు వరసగా పంచే పద్ధతి గురించి చెప్పకపోతే మీరే అడుగుతారు. ఇక్కడ చాలా చోట్ల స్థానిక లారీల సంఘం వరస ప్రకారమే లోడు ఇస్తుంది, బయటి బండికి దొరకదు. దానివల్ల ఒక్కో బండికి ట్రిప్పులు తగ్గుతాయన్నది నిజమే. బయటి నుంచి వచ్చి ఖాళీగా పోయే బండి మన సరుకు చౌకగా తీసుకెళ్ళగలదు, ఆ బండి తిరుగుడు పెరుగుతుంది, మొత్తం మీద సామర్థ్యం పెరుగుతుంది. లెక్క ప్రకారం సీరియల్ ఎత్తేయాలి. నేనూ సభ్యుణ్ణే, ఎత్తేస్తే ఒప్పుకోను. ఒక్క బండితో బతికే వాళ్ళు ఈ జిల్లాలో చాలామంది, కిరాయి సగమైతే వాళ్ళు మొదటి ఏడాదే పోతారు. అయితే ఒక్కటి: సీరియల్‌లో పేరుందని మీ బండి వరసలోనే పెట్టుక్కూర్చోకండి. వరస ఆరు రోజులకి పైగా ఉందంటే సెమిలిగూడ కూరగాయలో, పార్వతీపురం వైపు లోకలో చూసుకోండి.

మీ బావగారి తొమ్మిది వేలు చూసి కుళ్ళుకోవడం కూడా అనవసరం. హైవే మీద పోటీ ఎక్కువ, కిరాయి పలచన, టోలు ఖర్చు మోపెడవుతుంది. టైర్లు మీకు రెండేళ్ళొస్తే ఆయనకి ఏడాది. ఆయన నెలాఖరుకి మిగిలింది ఎంతో అడిగారా? కిలోమీటర్లే అడిగారు. లోడుతో నడిచిన కిలోమీటర్లని టన్నులతో హెచ్చవేసి, దాన్ని రోజులతో భాగిస్తే వచ్చే అంకె ఇద్దరిదీ పక్కపక్కన పెట్టండి. అప్పుడు మాట్లాడుకోవచ్చు.

రిపేర్ల విషయంలో మన ఆర్థిక పరిస్థితి ఇంకో రకంగా కొడుతుంది. సాలూరు చిన్న ఊరు. ఘాటీ కింద ఉండబట్టి లారీల ఊరైంది. బాడీ కట్టేవాళ్ళు, కమాను కట్టేవాళ్ళు, గేర్‌బాక్సు విప్పేవాళ్ళు, పాత సామాను దుకాణాలు, డ్రైవర్లు, అన్నీ ఒకచోట చేరాయి. బండి సాలూరులో ఆగిపోతే సాయంత్రానికి కదులుతుంది. అదే పొట్టంగి పైన ఆగితే రెండు రోజులు. 2020 తర్వాత కొత్త కాలుష్య నిబంధనలతో వచ్చిన బీఎస్-6 బళ్ళతో ఇది ఇంకా ముదిరింది. సెన్సారు పోయినా, పొగ శుద్ధికి వాడే యాడ్‌బ్లూ ద్రవం లైను మూసుకుపోయినా ఇంజను పవరు తగ్గించేస్తుంది, ల్యాప్‌టాప్ పెట్టి చూసేవాడు కావాలి, వాడు విశాఖలో ఉంటాడు. నా కొత్త బండి ఒకసారి చిన్న సెన్సారు కోసం కొరాపుట్ రోడ్డు మీద మూడు రోజులు నిలబడింది. సామాను ఖరీదు కంటే ఆ మూడు రోజుల ఖరీదే ఎక్కువ. పాత బండిని నూనె గుడ్డతో, తీగముక్కతో నడిపించిన మేస్త్రీలు మన రాయగడలో ఇంకా ఉన్నారు, వాళ్ళకి ఇప్పుడు పని లేదు. అందుకే నేను మూడింటిలో ఒకటి పాతదే ఉంచుకున్నాను, లోకల్‌కి.

రోడ్ల గురించి క్లుప్తంగా. 2017 జులైలో జీఎస్టీ వచ్చి పన్ను గేట్లు తీసేశాక ఆంధ్ర సరిహద్దులో సుంకి దగ్గరా, అటు గిరిసోల దగ్గరా ఒక పూట మిగిలింది, అది నిజమైన లాభం. కాని ఆ పూటని మనం మళ్ళీ మిల్లు గేటు దగ్గరే ఖర్చు పెట్టాం. త్వరగా వచ్చి త్వరగా లైన్లో నిలబడ్డాం, అంతే. రాయపూర్-విశాఖ ఆరు వరసల రోడ్డు, 464 కిలోమీటర్లది, నవరంగపూర్, కొరాపుట్ జిల్లాల మీదుగా వస్తోంది. దాని మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు చాలామంది. నాకు సగం ఆశ, సగం భయం. ఘాటీలో పదిహేను, ఇరవై వేగంతో ఏడ్చే బండికి అది వరమే. అయితే అదే రోడ్డు మీద రాయపూర్ బండి, విశాఖ బండి పొద్దున్న వచ్చి మన లోడు ఎత్తుకుని రాత్రికి దిగిపోగలవు. దూరమే ఇన్నాళ్ళూ మనకి కాపలా కాసింది. రోడ్డుతో పాటు గోడౌన్లు, ప్రాసెసింగు మిల్లులు ఇటు వస్తే మన బళ్ళకి పని. రాకపోతే మన పక్క నుంచి పోయే బళ్ళని చూస్తూ టీ కొట్టు పెట్టుకోవడమే.

డీజిల్ గురించి మీరు అడగలేదు గాని, చెప్పేస్తాను. ఆంధ్రలో పన్ను ఎక్కువ, అందుకే ఆ బళ్ళు మన వైపు దాటగానే ట్యాంకు నింపుకుంటాయి. మీరు కూడా దిగేముందు ఇక్కడే ఫుల్ చేయించండి, రోడ్డు మీద బంకుకి బంకుకీ తేడా ఉంటుంది, ఒకటికి రెండు చోట్ల రేటు అడగండి. ట్రిప్పుకి కొన్ని వందలు. పెద్ద విషయం కాదు, కాని అది మీ చేతిలో ఉన్నది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. రేపట్నుంచి ఒక చిన్న పుస్తకం డ్రైవరుకి ఇవ్వండి, రోజుకి ఒక గీత. లోడుతో నడిచిందా, ఖాళీగానా, గేటు దగ్గరా, రిటర్న్ కోసమా, రిపేరా, సెలవా. తప్పు రాస్తే తిట్టనని ముందే చెప్పండి, లేకపోతే అన్ని రోజులూ ‘లోడు’ అనే రాస్తాడు. ఇక్కడి ఆదివాసుల చైత్ర మాసపు పండగ చైత్ పరబ్‌కి ఇంటికెళ్తానంటే పంపండి, ఆ వారం ఎలాగూ మీకు హమాలీలు దొరకరు. రెండు నెలలు నిండాక ఆ లెక్క నాకు చూపించండి. గేటు రోజులు నెలకి పది దాటితే ఏ గేటో, ఏ రోజుల్లోనో కూడా రాయండి. సోమవారం పొద్దున్న చేరే బండికీ గురువారం రాత్రి చేరే బండికీ లైను ఒకేలా ఉండదు. నాకు తెలిసిన గేటే అయితే ఎప్పుడు చేరితే మంచిదో చెబుతాను.